చయనులుగారి యగ్నికార్యము

హేమంతము ప్రవేశించెను. తూర్పుసముద్రపు జలములనుండి మెల్లమెల్లగా పైకెగబ్రాకుచున్న బాలసూర్యుని యరుణకిరణములు యారాడకొండ కొప్పుననున్న మంచుతెరను తొలగించి రేవునందు లంగరు వేసిన యోడల తెల్లని పార్శ్వములకు కుంకుమ నలది పిదప విశాఖపట్టణములోనికి వచ్చి మిద్దెల మీద నారవేసిన చీరలను వడియములను పలుకరించుచుండెను. రైతుబజారులలో మంచుబిందువులతో తడిసి నిగనిగలాడు నల్లవంకాయలు గుట్టలుగా వెలసి చూపరుల నోళ్లలో నీరూరించుచుండెను. అట్టి శుభసమయమున మూడంతస్తుల మేడ పైకప్పు మీద పంచె యెగగట్టి తలకు తువ్వాలు చుట్టి తుప్పుపట్టిన యొక యినుపపొయ్యి యెదుట చతికిలబడిన యొక మహాపురుషుడు గోచరించెను. ఆయనయే మన చయనులుగారు.

ఆయన పూర్వులలో నొకరు గోదావరీతీరమున నగ్నిచయనమను మహాక్రతువు నాచరించి యా పేరు వంశమునకు ప్రసాదించి పోయిరి. ఈయన మాత్రము రేవు కార్యాలయమున గుమాస్తా. వంటయింటి గ్యాసుపొయ్యి వెలిగింపవలసివచ్చినను అగ్గిపుల్లలు గుప్పెడు వ్యర్థము కావించి తుదకు ఇల్లాలిని కేకవేయును. పేరు గొప్ప ఊరు దిబ్బ యని భార్యయగు హైమవతి నవ్వును. ఆయనయు కోపగింపక నవ్వును.

ఆ యింటి మూడవ ప్రాణి పేరిందేవమ్మ. తల్లి లేని చయనులుని గోరుముద్దలు పెట్టి పెంచిన మేనత్త. పిన్నవయసుననే వైధవ్యము ప్రాప్తించినది మొదలు ఉల్లి వెల్లుల్లి ముట్టక పగటిపూట నొక్క భోజనముతో కాలము గడుపుచు ఆ యొక్క భోజనమునే పండుగ వలె నారగించు రసజ్ఞురాలు. అట్టి యామెకు వర్షాకాలమున జ్వరము తగిలెను. జ్వరము పోయినది గాని పోవుచు నోటిరుచిని వెంటబెట్టుకొని పోయినది. నోరు చచ్చిపోయినదిరా నాయనా యని యామె రెండు ముద్దలకే చేయి కడుగుకొనుచుండెను. ఇంగువపోపు ముక్కు చెంతకు దెచ్చినను తెలియదు. ఆవకాయయు నటుకులును నామెకు మన్ను తిన్నట్లే యుండెను. రోగమేమియు లేదని వైద్యులు చెప్పి చేతులు దులుపుకొనిరి. నానాటికి పుల్లయగుచున్న యా శరీరమును చూచి చయనులు లోలోన కుమిలిపోయెను. తన కన్నము కలిపి పెట్టిన చేయి విస్తరి ముందు ఊరకుండుట ఆయనకు చూడరానిదయ్యెను.

ఒకనాడామె మాటవరుసకు, కుంపటి నిప్పుల మీద నిదానముగా కాల్చిన వంకాయ పచ్చడి యైనచో నాలుక యొప్పుకొనునేమో యనెను. ఆయనకంతియే చాలినది. వంటయింటి పొయ్యి మీద కాల్చిన వంకాయ పైన మాడి లోన పచ్చిగా మిగిలెను. మేడ మీద కుంపటి రాజేయగా పొరుగువారు పొగ యని తగవునకు వచ్చిరి. దిక్కుతోచక తిరుగుచున్న చయనులునకు రేవు సమీపమునందలి పాతయినుము దుకాణమున, ఏ విదేశీనావికుడో వదలించుకొని పోయిన గ్యాస్ గ్రిల్లు కంటబడెను. మూతయు చక్రములును గలది, బొగ్గు లేకయే గ్యాసుతో మండి యినుపచువ్వల మీద దేనినైనను కాల్చునది. అయితే ఆపాదమస్తకము తుప్పు. దానిని కొని యాటోలో నెక్కించుకొని క్రొత్తకోడలిని దెచ్చినంత సంబరముతో నింటికి దెచ్చెను.

హైమవతి దానిని చూచి ముక్కు మీద వ్రేలు వేసికొనెను. దీని మీద ఏ కోడి కాలెనో ఏ చేప వేగెనో, ఇందులో కాల్చినది అత్తయ్యగారెట్లు నోట పెట్టుకొందురని యడిగెను. పుట్టినాడెట్లుండెనో అట్లు శుద్ధి చేసి నిప్పులలో నిగ్గుదేల్చి యిత్తునని చయనులు ప్రతిజ్ఞ పట్టెను.

అది మొదలు ఆయన సెలవులన్నియు దాని పాలయ్యెను. గరుకుకాగితముతో గీకెను. చింతపండు పులిమి నానబెట్టెను. బూడిదతో తోమెను. గ్యాసు వచ్చు గొట్టములలో కుమ్మరిపురుగు కట్టి విడిచిపోయిన మట్టిగూళ్లను సైకిలుపుల్లతో పెకలించెను. క్రొత్త రబ్బరుగొట్టము తగిలించి సబ్బునురుగు పూసి యెచ్చటను బుడగ లేవకుండుట కన్నులార చూచుకొనెను. తుదకు నేటి యుదయమున మూత తెరచి యగ్గిపుల్ల గీచి చేయి చాచెను. ఒక్క పుల్లకే నీలజ్వాలలు బారులుదీరి వెలిగెను. చయనులు తన యేబదియేండ్ల వయసును మరచి గంతువేసెను.

అయితే సంబరమున మతి నిలుచునా! తోమిన యినుము మరల తుప్పుపట్టకుండ దోసెపెనమునకు వలె నూనెతోడి యుల్లిచెక్కతో రుద్దవలెనని ఆయన యెచ్చటనో వినియుండెను. తత్క్షణమే పెద్ద యుల్లిపాయను చెక్కలు గావించి నూనెలో ముంచి కాలుచున్న చువ్వలపై బరబర రుద్దెను. చుయ్యిమను ధ్వనితో ఘుమఘుమ లేచి మెట్లదారిని క్రిందికి దిగెను. అప్పుడే వంకాయల పళ్లెముతో వచ్చిన హైమవతి నిలువునా నీరైపోయెను.

"ఎంత పని చేశారండీ! ఆవిడ ఉల్లి ముట్టరు కదా."

చయనులు చేతిలోని చెక్కను దూరముగా విసరివైచెను. మరల తోమి శుద్ధి చేయునంతలో భోజనవేళ దాటిపోవును. అది దాటినచో నియమము చొప్పున ఆమెకు నేటికి పస్తే. నిప్పులో కాలినదానికి మైల యేమున్నది, చెప్పకున్న సరిపోవునని హైమవతి జాలితో మెల్లగా ననెను. ఆయన తల యడ్డముగా నూపెను. ఆమె యెరుగకుండ ఆమె నియమమును భంగపరచి పెట్టిన ముద్ద తనకు పాపమై తగులునని తోచెను. అంతలో క్రిందినుండి కంఠమొకటి ఖంగుమనెను.

"ఒరే చైనులూ! పైన ఉల్లిపాయ కాలుస్తున్నదెవర్రా? గుమ్మం దాకా గుప్పుమంటోంది."

భార్యాభర్తలకు ముందా మాటలోని కోపము వినబడెను. అర్థము పిదప వినబడెను. హైమవతి పళ్లెము క్రింద పెట్టి భర్త చేయి పట్టుకొనెను. చయనులు మెట్లు రెండేసి చొప్పున దుముకుచు క్రిందికి పరుగెత్తెను.

"అత్తా, నీకు వాసన తెలిసిందా?"

"తెలియకేం, ముక్కు బద్దలవుతుంటే! ఇనుముకి వంకాయ తొడిమతో నూనె రాస్తారు గానీ ఉల్లిపాయతోనా, అప్రాచ్యుడా. ముందు అది తోమి..."

అని యామె నడుమనే నిలిచిపోయెను. చేయి తనంత తానే ముక్కు చెంతకు పోయెను. మెట్టు మీద కూలబడి యామె నవ్వుచు కన్నీరు పెట్టుకొనెను.

పిదప చయనులు మరల చింతపండు దెచ్చి తోమిన తోముడు వర్ణనాతీతము. పేరిందేవమ్మ పీట వేయించుకొని పైకప్పు మీదనే కూర్చుండి ఇటు గీకు మటు గీకుమని శాసించుచుండెను. తొడిమతో నూనె రాసిన చువ్వలపై వంకాయలు మెత్తబడి చర్మములు వీడి తేనెవలె రసము చిప్పిల్లెను. హైమవతి పచ్చిమిరపకాయలు నూరి చింతపండు పిసికి యింగువపోపు పెట్టెను. భోజనవేళ యెప్పుడో దాటిపోయినను ఆ సంగతి యెవ్వరును తలపలేదు. అచ్చటనే యరిటాకు పరచిరి. ఆమె తొలిముద్ద నోట పెట్టుకొని కన్నులు మూసికొని నమలుచుండగా ఇద్దరును ముందుకు వంగి ఆమె మొగమునే చూచుచుండిరి.

"హైమా, ఉప్పు చాలలేదే. మారన్నం తెచ్చేటప్పుడు అదీ పట్రా."

పెట్టినదానికి వంక పెట్టు పెద్దలు గల యిల్లే యిల్లని తలంచుచు హైమవతి యుప్పుగిన్నె కొరకు పరుగెత్తెను. చయనులు మాత్రము తుప్పుతో నెర్రనైన చేతులతోనే కన్నులు తుడుచుకొని మరియొక వంకాయను చువ్వలపై పెట్టెను.