బోనులోకి ఏ చొక్కా?

నిమ్మళం అనేది అతని అసలు పేరు కాదు. ఎంత ఆలస్యమైనా తొందరపడకుండా సిటీ బస్సు నడుపుతాడని డిపోలో వాళ్లు పెట్టిన పేరు. అలాంటి మనిషికి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మలుపు తిరుగుతూ ఒక పంతులమ్మ స్కూటరుకు బస్సు తగిలించాడని, ఆగకుండా వెళ్లిపోయాడని కేసు. తగిలిందో లేదో అతనికే తెలియదు. ఆ రోజు వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడైన మాట నిజం. గుంటలో పడిందనుకున్నాడు.

కోర్టులో ఏం చెప్పాలన్నదానికన్నా ఏం వేసుకోవాలన్నదే ఇంట్లో పెద్ద బెంగైపోయింది. యూనిఫాంలో వెళ్తేనే గౌరవమంది భార్య. మామూలు చొక్కాలో అతను జేబు కొట్టి దొరికిపోయినవాడిలా ఉంటాడట. స్థలం తగాదాతో కోర్టు మెట్లు అరగదీసిన బావమరిది ఒప్పుకోలేదు. యూనిఫాం వేసుకుంటే నేరాన్ని ఒంటికి తగిలించుకుని వెళ్లినట్టేనన్నాడు. తన పెళ్లినాటి కోటు తెచ్చి మంచం మీద పరిచాడు. లాయరుకు ఫోన్ చేస్తే, లేతరంగు చొక్కా చాలు, యూనిఫాం మాత్రం వద్దేవద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. కోటు సంగతి అడిగేలోపే పెట్టేశాడు.

చివరికి లేతనీలం చొక్కా, దాని మీద ఆ కోటు. భుజాలు జారిపోతున్నాయి.

"అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు," అంటూ భార్య కోటు చేతులు లోపలికి మడిచి పిన్నీసులు పెట్టింది.

కోర్టు వరండాలో బెంచీ చివర కూర్చుని అతను వచ్చేపోయేవాళ్ల బట్టలే చూశాడు. నలగని చొక్కావాడి చేతికి బేడీలున్నాయి. చిరిగిన చెప్పులాయన ఎవరినో గదమాయిస్తున్నాడు. ఎవరు కేసు పెట్టినవాళ్లో, ఎవరు కేసులో పడ్డవాళ్లో పోల్చుకోలేకపోయాడు. ఇంతలో లాయరు వచ్చి, చూస్తూనే కోటు విప్పించేశాడు.

పిలుపు వచ్చింది. ముందు పంతులమ్మ చెప్పింది. చెప్పినంతసేపూ ఎడమ మోచేతి మీది మచ్చను తడుముకుంటూనే ఉంది. ఆ డ్రైవరు ఈయనేనా అని లాయరు అడిగితే, నిమ్మళాన్ని ఎగాదిగా చూసి తడబడింది.

"ఆ రోజు ఆయన యూనిఫాంలో ఉన్నారండీ. ఈయన... ఏమో, చెప్పలేను."

లాయరు ముఖం విప్పారింది. యూనిఫాం ఎందుకు వద్దన్నాడో నిమ్మళానికి అప్పుడు అర్థమైంది. బతికాననుకున్నాడు. ఆ వెంటనే ఏదోలా అనిపించింది. ఆమె ఇంకా అతని ముఖంలోకే చూస్తోంది, తనదే పొరపాటన్నట్టు.

"బస్సు నడిపింది నేనేనండి," అన్నాడు. "తగిలిందో లేదో మాత్రం నిజంగా తెలీదు. చప్పుడు విన్నాను. దిగి చూడలేదు."

లాయరు తల పట్టుకున్నాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి, అడగని మాట ఎందుకు చెప్పావన్నారు. నిమ్మళం పంతులమ్మ వైపు చూశాడు.

"ఆవిడ గుర్తుపట్టలేక ఇబ్బంది పడుతున్నారండి," అన్నాడు.

వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. పంతులమ్మను ఏం కావాలని అడిగారు. శిక్ష పడాలని లేదని, పడిపోయినదాన్ని చూడకుండా పోయాడనే కోపమని ఆమె చెప్పింది. నిమ్మళం స్కూటరు బాగు చేయించి ఇచ్చేలా ఇద్దరినీ రాజీపరిచి, ఇకమీద చప్పుడైతే దిగి చూడమని గట్టిగా మందలించి పంపేశారు.

బయటికి వచ్చాక లాయరు పలకరించకుండా వెళ్లిపోయాడు. పంతులమ్మ మాత్రం ఆగింది. "యూనిఫాంలో వచ్చుంటే నాకింత తిప్పలుండేది కాదండీ," అని కాస్త విసుక్కుని, స్కూటరు ఏ షాపుకి తేవాలో అడిగి వెళ్లింది.

బావమరిది ఫోన్ చేశాడు.

"గెలిచామా, ఓడామా బావా?"

నిమ్మళం కోటు చంకన పెట్టుకుని కోర్టు మెట్లు దిగుతున్నాడు.

"లాయరు ఓడినట్టున్నాడు. నా సంగతే తెలీడం లేదు," అన్నాడు.