నలభై ఎనిమిదో పేజీ

మా మామ రాజనర్సుకు అక్షరాలు రావు. పదకొండేళ్లకే సూరత్ వచ్చి సాంచె, అంటే మరమగ్గం, పట్టాడు. అయినా మా పెళ్లికని ఊరికి వచ్చి తిరిగి వెళ్తూ కరీంనగర్ బస్టాండులో ఒక పుస్తకం కొన్నాడు. పచ్చటి అట్ట మీద కోటు వేసుకున్న మనిషి, అతని వెనుక పైకి ఎగబాకుతున్న బాణం. చిన్న వ్యాపారాన్ని పెద్దది చేయడం ఎలాగో, ఇల్లూ పనీ రెండూ చెడకుండా నడపడం ఎలాగో అందులో ఉందని అమ్మినవాడు చెప్పాడట. నా భర్త రఘుపతి చదివింది గుజరాతీ బడిలో. అత్త కనకవ్వ బడి మొహమే చూడలేదు. కాబట్టి ఆ పుస్తకం సూరత్ లింబాయత్‌లోని మా ఇంట్లో టీవీ పక్కన, రిమోట్‌కు పీటలా పడి ఉండేది.

2021 ఏప్రిల్‌లో మామకు కరోనా వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నలభై రోజులు సాంచెల దగ్గరికి పోవద్దు, అక్కడ ఎగిరే పోగుల నూగు ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ ఇక్కడికే రావాలి, ఈసారి మంచం దొరుకుతుందని నేను మాటివ్వలేను.

చిక్కేమిటంటే మేముండేది పైన, మా ఎనిమిది సాంచెలు కింద. మధ్యలో ఉన్నవి పద్నాలుగు మెట్లు. మార్కెట్లు మూతపడి నాలుగే నడుస్తున్నాయి, అవీ పగటి పూటే. మామ మంచం మీద పడుకుని ఆ నాలుగింటినీ చెవులతో కాపలా కాసేవాడు.

"ఐదో నంబరు కుంటుతున్నది. పోగు లాగే నాడె సక్కగ పోతలేదు. రఘుపతికి చెప్పున్రి."

"చెప్తం గని, నువ్వు పండు" అనేది అత్త.

నాలుగో రోజు ఎవరూ చూడనప్పుడు లేచి మెట్లు దిగబోయాడు. ఐదో మెట్టు మీద కూలబడ్డాడు. రఘుపతీ నేనూ చెరో రెక్క పట్టి పైకి తెచ్చాం. అత్త తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసి నాకు భయమేసింది.

ఊపిరి అందాక మామ అన్నాడు. "పొద్దంత గిట్ల పడుంటే నేను మనిషిని గాను, మూటనైత. ఆ పుస్తకమన్న చదివి పెట్టు బిడ్డా. నీకొస్తది గద."

ఆ ఇంటికి వచ్చిన రెండు నెలల్లో నేను "ఊఁ", "సరే" తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. మర్నాటి నుంచి సాయంత్రం ఐదింటికి, సాంచెలు ఆగాక, వరండాలో మామ కుర్చీ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మా గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింటి బిక్షపతి తన వరండాలోంచి చెయ్యి చాస్తే మా తీగ మీది బట్టలు అందుతాయి. ఆయనకు నాలుగు సాంచెలు. కరోనా భయంతో మా గడప తొక్కేవాడు కాదు గానీ, తన వైపు కుర్చీ వేసుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి వినేవాడు.

"జర గట్టిగ చదువు కోడలా. సాంచెల పక్కపొంటి బతికినోళ్లం. మాకు గుసగుసలు ఇనరావు."

నేను అరిచి చదవడం నేర్చుకున్నాను.

కొన్ని రోజులు బాగానే గడిచాయి. కొనేవాడి మనసు కనిపెట్టాలి, ఇచ్చిన మాట తప్పకూడదు, ఇలాంటివి. తర్వాత నలభై ఎనిమిదో పేజీ వచ్చింది. "యజమాని అందరికంటే ముందు పనిలోకి రావాలి. అందరూ వెళ్లాకే వెళ్లాలి. ఒంట్లో బాగాలేదన్న మాట అతని నోట రాకూడదు" అని ఉంది అందులో.

"యజమాని అందరికంటే ముందు..." వరకు చదివి ఆగిపోయాను. మామ కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన పాదాలు అప్పుడే చెప్పుల్ని వెతుకుతున్నాయి.

నేను పేజీ మీంచి కళ్లు తీయకుండా మళ్లీ అందుకున్నాను. "అందరికంటే ముందు తన ఒళ్లు చూసుకోవాలి. నలభై రోజులు పనిచోటికి పోకూడదు. తాను లేకుండా నడిస్తేనే అది వ్యాపారం. తానుంటేనే నడిచేది వట్టి కూలిపని."

"నలభై రోజులా? గీ పుస్తకం డాక్టరేమన్న రాసిండా ఏంది?" అన్నాడు బిక్షపతి.

"కోటేసుకున్నడు గద. డాక్టరే అయితడు" అన్నాడు మామ. పాదాలు చెప్పుల్లోంచి వెనక్కి వచ్చాయి.

ఆ తర్వాతి పేజీల్లోనూ ఆ కోటాయన నిద్ర తగ్గించుకో, పండుగలు మానుకో అనే చెప్పాడు. నేనేమో గాలి ఆడని చోట పని ఎదగదని చదివాను. రఘుపతి కింద గోడకు కొత్త ఫ్యాను బిగించాడు. వారానికి ఒక రోజు సాంచెలకు నూనె, మనుషులకు నిద్ర అని చదివాను. ఇంటి ఆడమనిషి కన్ను పడని బట్ట తానులో తప్పు దాగి ఉంటుందని చదివిన మర్నాడు, అత్త కళ్లజోడు పెట్టుకుని కిందికి దిగి, రెండు తానుల్లో తెగిన పోగులు పట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆమె మెట్లెక్కిన తీరే వేరు.

గల్లీలో "పుస్తకంల ఉన్నది" అనేది మాటకు ముందు మాటైపోయింది. ఒక మధ్యాహ్నం బిక్షపతి భార్య చిన్నవ్వ, వరండాలో వడియాలు ఆరబెడుతూ నన్ను పిలిచింది.

"ప్రసన్నా, తిన్న పల్లెం మొగోళ్లే కడుక్కోవాలని ఆ పుస్తకంల ఏడనన్న ఉన్నదా?"

"లేదత్తా."

"జర మంచిగ చూడు. గంత పెద్ద పుస్తకం."

సాయంత్రానికి ఉంది. "తాను తిన్న పల్లెం తానే కడిగే యజమానికి చిన్న పని విలువ తెలుస్తుంది."

బిక్షపతి లేచి నిలబడ్డాడు. "కోటేసుకొని పల్లెం కడుగుతడా వాడు?"

"కోటు ఇప్పి కడుగుతడు. నువ్వు లోపటికి రా" అంది చిన్నవ్వ లోపలి నుంచి.

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. మామ నవ్వలేదు. అది ముప్పై ఒకటో రోజు.

"ఏ పేజీ బిడ్డా?" అని అడిగాడు.

"డెబ్బై ఒకటి మామా."

"నిన్న?"

నేను వేలితో పేజీ అంకె మూశాను.

"నిన్న గూడ డెబ్బై ఒకటే. మొన్న గూడ. నాకు అక్షరాలు రావు గని అంకెలొస్తయి. సాంచె మీటరు చూసుకుంటనే ముసలోన్నైన. కింద భీముకు చుట్టిన పోగు తరగకుంట మీద బట్ట పెరుగుతున్నదంటే ఏందన్నట్టు?"

నేను పుస్తకం మూయబోయాను.

"పోగు ఇంకోకాడికెల్లి వస్తున్నదన్నట్టు" అని తనే చెప్పాడు. "ఆ నలభై రోజుల ముచ్చట ఏ పేజీల చదివినవ్? నలభై ఎనిమిది గద. అండ్ల ఉన్నది ఉన్నట్టు చదువు."

ఇంకా తొమ్మిది రోజులున్నాయి. చదివితే దిగుతాడు. చదవకపోతే ఇంకెప్పుడూ నా మాట వినడు. పేజీ వెనక్కి తిప్పాను. ఉన్నది ఉన్నట్టు, మెల్లగా చదివాను. ముందు రావాలి, చివర వెళ్లాలి, ఒంట్లో బాగాలేదనకూడదు.

అప్పుడే కింద రఘుపతి ఏదో బాగుచేసి, సరిచూడటానికి ఒక్క సాంచె నడిపాడు. మామ తల పక్కకు వాల్చి విన్నాడు. ఆయన పాదాలు చెప్పుల్లోకి వెళ్లాయి. నేను మెట్ల వైపు జరిగి కూర్చున్నాను.

"ఐదో నంబరు" అన్నాడు. ఇంకాసేపు విన్నాడు. "కుంటుతలేదు."

సాంచె ఆగింది. మామ పాదాలు బయటికి తీసి, కుర్చీ మీదికి మడుచుకున్నాడు.

"ఒళ్లు బాగలేదనొద్దా? ఆ కోటాయన ఎన్నడు గీ నూగు పీల్చినట్టు లేడు. ఇంకెన్ని రోజులున్నయి?"

"తొమ్మిది మామా."

"తొమ్మిది రోజులకు సరిపోయేటట్టు నేసుకో మరి. గని అందరి ఆర్డర్లు పడ్తున్నవ్, నాది గూడ ఒకటి పట్టు. నెల సంది కిచిడి తిని నాలుక సచ్చిపోయింది. రేపటి పేజీల యజమానికి పచ్చిపులుసు పొయ్యాలె అని ఉండాలె, కారంగ."

వంటగదిలోంచి అత్త గొంతు వినిపించింది.

"ఆ పేజీ నేనెప్పుడో చింపేసిన."