గోడ వైపు చెయ్యి

పడిపోయిన పక్క మీదే పడుకోబెట్టమంటుందేంటి ఆ అమ్మాయి, బెణికిన కాలి మీద ఎవరైనా నిలబడతారా, అయినా చదువుకున్న పిల్ల, తెలియక చెప్పి ఉండదు, మరి చెల్లెలు చెప్పిందీ తప్పులా లేదే అనుకుంటూ వీరాస్వామి తలగడ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద అలాగే కూర్చున్నాడు.

మంచం మీద భార్య వీరవేణి. ఇరవై రోజుల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి తేగానే, దొర్లి కింద పడుతుందేమోనని ఆ పక్క గోడకు తగిలేలా అతనే మంచం జరిపాడు. మంచినీళ్ళ గ్లాసు, ట్రాన్సిస్టరు, తన స్టూలు, అన్నీ కుడివైపే. ఇంతకన్నా జాగ్రత్తగా ఎవరు చూసుకుంటారు?

పొద్దున భీమవరం నుంచి స్కూటీ మీద వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి సత్యశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేంటండీ, పడిపోయిన పక్కని గోడకి పెట్టేశారు! ఆసుపత్రిలోనే చూశానండి, ఆవిడకి అసలే ఆ పక్క ఒకటుందని గుర్తుండట్లేదు."

తరువాత వీరవేణి ఎడమ భుజం కింద వేలు పెట్టి చూపించింది. కీలు జారి అక్కడ సందు పడింది. "చెయ్యి పట్టుకుని లేపుతున్నారా?"

ఐసు ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళు వీరాస్వామి చేసింది ఆ పనే. కదలని దిమ్మకు కొక్కెం వేసి లాగడం. ఇరవై రోజులుగా ఆ మణికట్టునూ అలాగే లాగాడు.

"ఇంకా జారితే నెప్పితో చెయ్యి బిగుసుకుపోద్దండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. భుజం ఒంటికింద నలక్కుండా ముందుకి తియ్యండి, చేతికింద తలగడ పెట్టండి. మీరూ ఆ పక్కనే కూర్చుని మాట్లాడండి. ఇవాళే మొదలెట్టాలి, నేనొచ్చేదాకా ఆగొద్దు."

ఆమె వెళ్ళగానే చెల్లెలు లోవలక్ష్మి అందుకుంది. "ఆ స్కూటీ పిల్లకేం అన్నయ్యా, చెప్పేసి చక్కా పోయింది. సచ్చుబడ్డ పక్క మీద బరువేస్తే వదినకి ఉన్న కాస్తా పోద్ది. నువ్వు మాత్రం ముట్టుకోకు." ఆ మాట అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎవరి మాట వినాలి? నిజానికి అతని గుబులు అది కాదు. అది కాదని అతనికీ పూర్తిగా తెలియదు.

నిన్న వీరవేణి ఎడమ చేతిని కుడిచేత్తో తోసేస్తూ అడిగింది, "ఏవండీ, ఇదెవరి చెయ్యి?"

"నీదేనే."

"నాది కాదు. దానికి నా గాజులెందుకేశారు?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆ మాట ఇంకా అతని లోపల తిరుగుతూనే ఉంది. పొద్దున సత్యశ్రీ మంచాన్ని కాస్త జరిపి అతన్ని గోడ పక్కకు వెళ్ళి పిలవమంది. అతను పిలిచాడు. వీరవేణి స్టూలు వైపు వెతికి, "ఈయనేరి? ఫ్యాక్టరీకెళ్ళిపోయారా?" అంది. జానెడు దూరంలో నిలబడి కూడా అతను అక్కడ లేడు. ఆ క్షణంలో తన చేతులు చూసుకున్నాడు, ఉన్నాయా అని. సత్యశ్రీ వెళ్ళిన మరుక్షణం మంచాన్ని మళ్ళీ గోడకు నెట్టేశాడు.

ఏ వ్రతానికైనా పీటల మీద ఆమె అతని ఎడమ పక్కనే కూర్చుంది. అంటే అతనెప్పుడూ ఆమెకు కుడివైపే. అవతలి పక్కకు ఎన్నడైనా వెళ్ళాడా? ఈ జబ్బు ఇరవై రోజులదేనా, లేక అటువైపు నుంచి ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదా? ఛ, ఏం ఆలోచనలివి. ఇక్కడ కూర్చుంటే తను ఆమెకు ఉంటాడు, చెయ్యి పోతుంది. అటు వెళితే చెయ్యి నిలబడుతుందేమో, తను ఉండడు.

తలగడ స్టూలు మీద పెట్టి లేచాడు. మంచం గోడ నుంచి లాగాడు. సున్నం పొడి రాలింది. ఆ సందులోకి దూరి, "వేణీ" అన్నాడు.

ఆమె స్టూలు వైపు చూసింది. అక్కడ తలగడ ఉంది. "ఎక్కడికెళ్ళారండీ?" అంది.

స్టూలు దగ్గరికి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. అతని చెయ్యి దానంతటదే ఆమె ఎడమ మణికట్టును పట్టేసుకుంది. గాజులు గలగలమన్నాయి.

మణికట్టు వదిలేశాడు. స్టూలు మీది తలగడ అందుకుని మంచం మీద ఇవతల వేశాడు. అరచేతిని ఆమె ఎడమ భుజం వెనక్కి పోనిచ్చి, దాన్ని మెల్లగా ముందుకు తీసి, ఆమెను తనవైపుకు తిప్పుకున్నాడు.