సొరపుట్టు పళ్లెం

యలహంక పాతూరి వీధిలో దేవదానం చేపలకొట్టు పొద్దున్నే తెరుచుకునేది. నెల్లూరు వైపు నుంచి లారీలో ఐసు పెట్టెలొచ్చేవి. పైన రొయ్యలు, అడుగున చిన్న సొరచేపలు. సొరల కోసం ఎవరూ వల వేసేవాళ్ళు కాదు. రొయ్యల వల సముద్రం అడుగంతా ఊడ్చుకొస్తుంటే అవీ వచ్చి పడేవి. సొరను ఉడికించి, చిదిమి, వేయించిన సొరపుట్టు బాలింతకు పెడితే పాలు పడతాయని జనానికి నమ్మకం. కడుపుతో ఉన్న సొరయితే మరీ మంచిదని ఆ నమ్మకానికి దేవదానం తన సొంత తోకొకటి తగిలించాడు. వ్యాపారస్తుడు కదా.

అలాంటి సొరను కోస్తే పిల్లలు జారిపడి గాల్లో ఈదేవి. త్రాసు చుట్టూ, జనం తలల మీదుగా కాసేపు తిరిగి, ఎండెక్కేసరికి రాలిపోయేవి. మొహానికి అడ్డమొస్తే సుంకమ్మలాంటి పాత గిరాకీలు సంచీతో పక్కకు తోసి బేరం సాగించేవాళ్ళు.

"రొయ్యలకని వేసిన వలలో ఇవొచ్చి పడితే మనమేం చేసేది సుంకమ్మా?" అనేవాడు దేవదానం.

తొంభై తొమ్మిదిలో ఆయన కూతురు హన్నాకు కాన్పయింది. ఐదు రోజులైనా పాలు పడలేదు. డబ్బా పాలు పట్టిస్తే బిడ్డ కక్కేస్తోంది. ఏడవడానికి కూడా ఓపిక లేక నీరసించిపోయింది. దేవదానం పెట్టెలన్నీ తిరగేసి, నిండు కడుపుతో ఉన్న సొరను ఏరి కోశాడు. ఆరు పిల్లలు. ఐదు ఎప్పట్లాగే రాలిపోయాయి. ఆరోది ఆయన వెంటే ఇంటికొచ్చింది.

వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేసి, వేడివేడిగా హన్నా చేతికిచ్చాడు. సొరపిల్ల పళ్లెం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ముక్కు దించి చూస్తుంది, మళ్ళీ తిరుగుతుంది.

"నాయనా, ఇది వాళ్ళమ్మను వెతుక్కుంటా ఉండాది," అంది హన్నా.

"నీ బిడ్డ సంగతి చూడు తల్లీ. తిను."

హన్నా పళ్లెం కింద పెట్టేసింది. దేవదానానికి కోపం ముంచుకొచ్చింది. బిడ్డ వంక చూస్తే భయమేసింది. హన్నా చెయ్యి చాపగానే సొరపిల్ల వచ్చి ఆమె ఒళ్ళో, బిడ్డ పక్కన ఒదిగింది. దాన్ని నిమురుతుండగానే ఆమె రవిక తడిసింది. బిడ్డ గుటకలేస్తూ తాగింది.

"స్తోత్రం ప్రభువా," అన్నాడు దేవదానం. ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పుడు చూపు పళ్లెం మీద పడింది. పెట్టిన పుట్టు పెట్టినట్టే ఉంది. ఒక్క ముద్దయినా ముట్టలేదు. మరి ఇరవయ్యేళ్ళుగా తను ఏరి ఏరి కోసిన నిండు కడుపులన్నీ దేనికి? ఆయన గోడకు ఆనుకుని కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయింది. సొరపిల్ల మాత్రం ఒళ్ళోంచి లేచి మళ్ళీ పళ్లెం దగ్గరికే పోయింది.