కాదనడం నేర్పని ప్రోగ్రాం

శుక్రవారం పొద్దున సుధాకర్ ఫోన్ చేసి, "ఏవయ్యా ఉదయ్, రమాదేవి రికార్డింగులో ఖైరున్‌బీ మాట్లాడుతోందంట, ఏంటిది?" అంటే ఉదయ్‌కుమార్ నవ్వేశాడు. పేర్లు తారుమారై ఉంటాయి, అంతేగా అనుకున్నాడు. ఆ నవ్వుతోనే లాప్‌టాప్ తెరిచి, తను రాసిన ప్రోగ్రాం పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. ఆ తర్వాత నవ్వలేదు.

కువైట్‌లో దజీజ్ అనేచోట ఒక కార్గో గోడౌన్ మేడమీద ఒక గది ఉంది. శుక్రవారాలు దాన్ని గోడౌన్ యజమాని తెలుగువాళ్ళ సంఘానికి ఊరికే ఇస్తాడు. అరబ్బు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు అక్కడికి వచ్చి కష్టం చెప్పుకుంటారు. వాళ్ళలో రాయడం రానివాళ్ళు చాలామంది. ఎదురుగా ఇంకొకరు కూర్చుని రాసుకుంటుంటే నోరు పెగలనివాళ్ళు అంతకంటే ఎక్కువమంది. అందుకని సంఘం కార్యదర్శి సుధాకర్ ఒక ఉపాయం చేశాడు. గదిలో మనుషులుండరు, లాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది. తలుపేసుకుని దానితో చెప్పుకోవచ్చు. తర్వాత లాయరు దగ్గర పనిచేసే తెలుగావిడ అదంతా విని అరబ్బీలో రాసిపెడుతుంది. ఆ ప్రోగ్రాం రాసిచ్చింది ఉదయ్. అమలాపురం పక్క కుర్రాడు, కువైట్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవురోజు నలుగురికీ పనికొచ్చే పని చేస్తున్నానన్న తృప్తి కూడా ఉండేది అతనికి, నిన్నటిదాకా.

నిజానికి అశ్రద్ధగా రాసింది కాదది. ఏ ప్రోగ్రామూ తనంతట తాను డిస్కు మీద చెయ్యి వెయ్యలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. అడగడానికి 'ఓపెన్' అని ఒక పిలుపు ఉంది. ఫలానా పేరుగల ఫైలు తెరువు, లేకపోతే కొత్తది సృష్టించు, సృష్టిస్తే దాన్ని ఎవరెవరు చదవొచ్చో ఇదిగో అని అంతా ఆ ఒక్క పిలుపులోనే చెప్పుకోవాలి. సరేనంటే సిస్టమ్ ఒక చిన్న అంకె చేతిలో పెడుతుంది, ఇక్కడ ఉండడానికి అనుమతిచ్చే ఇఖామా ఆఫీసు కౌంటర్లో టోకెన్ ఇచ్చినట్టు. ఇక రాసినా చదివినా ఆ అంకె చూపించే. కుదరకపోతే కుదరదని చెప్పేస్తుంది.

ఎవరెవరు చదవొచ్చన్న దగ్గర ఉదయ్ గట్టిగా బిగించాడు. లాయరు దగ్గరి ఆవిడకి తప్ప ఇంకెవరికీ ఆ ఫైళ్ళు తెరుచుకోవు. కాపీలు కూడా తియ్యలేదు, నాలుగుచోట్ల ఉంటే నాలుగు జతల చెవుల్లో పడుతుందని. "నేను కూడా వినను" అని వచ్చిన ఆడవాళ్ళందరికీ మాటిచ్చాడు. ఇంత చేసినవాడు, వీధి తలుపుకి తాళం వేసి ఇంట్లో చీపురుని మర్చిపోయాడు.

ఆ చీపురు ఏమిటంటే, ఫైలు అప్పటికే ఉంటే దాన్ని ఖాళీ చేసి మొదటినుంచి రాయమని ఓపెన్ పిలుపులో ఒక మాట చేర్చవచ్చు. మొదట్లో తనూ సుధాకరూ పరీక్షకని "హలో, హలో" అంటూ మాట్లాడినప్పుడు పాత హలోలు అడ్డొస్తుంటే ఉదయ్ ఆ మాట చేర్చాడు, తర్వాత తియ్యలేదు. దాని బదులు వేరే మాట పెట్టవచ్చు, ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే కాదని చెప్పు అని. అది పెట్టలేదు. ఎందుకంటే ఒకే పేరు రెండుసార్లు వస్తుందని అనుకోలేదు. ఫైలుకి పేరు మనిషి ఫోన్ నంబరే కదా, ఒక నంబరు ఇద్దరికి ఎలా ఉంటుంది? అతనెరిగిన కోనసీమ వాళ్ళకి ఇక్కడ మనిషికి రెండేసి ఫోన్లు.

అరబ్బుల ఇళ్ళుండే అర్దియా పేటలో లెక్క వేరు. అక్కడ ఒక వీధిలో తిరుపాలమ్మ అని రాయచోటి వైపు మనిషి ఒకింట్లో వంట చేస్తుంది. పాతకాపు, వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆవిడ దగ్గర ఫోన్ ఉండనిస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళల్లోని ఆడపిల్లల ఫోన్లు వాళ్ళ వాళ్ళ మామాల బీరువాల్లో ఉంటాయి. ఊరినుంచి మొగుళ్ళు, పిల్లలు ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా తిరుపాలమ్మకే చేస్తారు. ఆవిడ చెత్త పారబోసే వంకతో బయటికొచ్చి గోడ దగ్గర కబురు అందిస్తుంది. "మీ నంబరు చెప్పండమ్మా" అని సంఘంలో అడిగితే ఆ వీధి వాళ్ళంతా ఆ నంబరే చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు, వాళ్ళకున్న నంబరు అదే మరి.

ఆ వీధిలోంచి ముందు రమాదేవి వచ్చి చెప్పుకుంది. తర్వాతి శుక్రవారం ఖైరున్‌బీ వచ్చి తన పాస్‌పోర్టు సంగతి చెప్పుకుంది. అదే నంబరు, అదే ఫైలు. ప్రోగ్రాం చెప్పినట్టు విని రమాదేవి గొంతుని శుభ్రంగా తుడిచేసి ఖైరున్‌బీకి చోటిచ్చింది. తుడిచిన చోటే కొత్త గొంతు ఎక్కి కూర్చుంది గనక వెనక్కి రాబట్టే దారి కూడా లేదు. ఉదయ్ పొద్దుటినుంచీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్ని విద్యలూ ప్రయత్నించి ఊరుకున్నాడు.

ఆదివారం లాయరు కాగితాలు పెట్టాలి. రమాదేవి తన నోటితో తాను చెప్పిన మాట ఉంటేనే, పనిచేసే ఇంటినుంచి ఆమెని విడిపించమని అడగగలడు. లేకపోతే ఆమె ఆ ఇంట్లోనే ఉండాలి. అంటే ఇవాళ ఆమె మళ్ళీ చెప్పాలి. ఒక్కసారి చెప్పడానికే నెలల తరబడి బతిమాలితే వచ్చిన మనిషి.

"మిషను పాడైందని చెప్పెయ్యవయ్యా. మిషన్లు పాడవ్వవా ఏంటి?" అన్నాడు సుధాకర్.

"మిషను బాగానే ఉందండి. నేను చెప్పిందే చేసింది" అన్నాడు ఉదయ్.

మధ్యాహ్నం తిరుపాలమ్మ రమాదేవిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రమాదేవికి ముప్పై కూడా ఉండవు. ఎండ మండిపోతున్నా మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుని, ఎడమచేతిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. ఉదయ్ దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకే నంబరు వల్ల ఇద్దరి మాటా ఒకే చోటికి పోయిందని, రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసిందని.

తిరుపాలమ్మ లేచి నిలబడింది. "ఏంది సామీ నువ్వు చెప్పేది? ఆ పిల్ల నాతోనే చెప్పుకోలేదు. నీ మిషనుతో చెప్పుకునింది. ఉండేదాన్ని తుడిచెయ్యమని దానికి ఎవురు చెప్పినారు?"

"నేనేనండి."

"అది ఒక మాటన్నా అడగలేదా? అయ్యా, ఈడ ముందే ఒకరిది ఉండాది, తుడిచేదా వద్దా అని?"

"అడిగేలా రాయచ్చండి. నేను రాయలేదు. కాదనే వీలు లేకుండా రాశాను."

"అట్లనా" అంది తిరుపాలమ్మ. "మా మామాలు మమ్మల్ని పెట్టుకున్యట్లే పెట్టుకున్నావులే దాన్ని."

ఉదయ్‌కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చెప్పిన పని చెప్పినట్టు చేసే ప్రోగ్రామే మంచి ప్రోగ్రాం అని చదువుకున్నప్పటినుంచీ నమ్మాడు. ఎదురుచెప్పేదాన్ని సతాయించేదని విసుక్కున్నాడు. చెప్పినట్టు చెయ్యడమే మంచితనమైతే ఆ అర్దియా వీధిలో మంచితనానికి కొదవేమిటి? కాదనే హక్కు లేనిచోట ఎవరి మాట ఎప్పుడు తుడిచిపెట్టుకుపోయిందో తెలిసే దారే లేదు. ఇప్పుడు కూడా, లాయరు దగ్గరావిడ వినబోయింది గనక బయటపడింది.

అంతసేపూ నేల చూపులు చూస్తున్న రమాదేవి తలెత్తింది. "సారూ, నేను చెప్పినదాన్ని మీరు విన్నారా?"

"లేదమ్మా. వినకూడదనుకున్నాం కదా."

"ఆ లాయరు కాడుండే ఆమె?"

"ఆవిడ వినేసరికే పోయిందమ్మా."

"అంటే ఎవురూ వినలేదు."

ఉదయ్ తల ఊపాడు.

"నేను ఇన్నాళ్ళూ ఎవురో ఒకరు విని ఉంటారనుకుంటాంటి" అంది రమాదేవి. గొంతులో కోపం లేదు. "గిన్నెలు కడిగేటప్పుడు, బట్టలు మడతబెట్టేటప్పుడు అనుకుంటాంటి, ఇంగ నా సంగతి ఒకరికి తెలుసులే అని. ఆ ధైర్యంతోనే పని చేసుకుంటా వచ్చినా."

ఉదయ్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్షమించమని అడిగాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గానీ, ఆ గదిలో ఆ పూట లోకువైపోయింది అడిగేవాడే. "ఆదివారానికి కావాలమ్మా, ఇంకొక్కసారి చెప్పగలవా" అనడానికి అతనికి నోరు రాలేదు. చివరికి తిరుపాలమ్మే ఆ మాట అడిగింది.

కింద గోడౌన్‌లో ఎవరో అట్టపెట్టెలకి టేపు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఈసారి తుడుచుకోని పోదని ఏం నమ్మకం?" అంది రమాదేవి.

ఉదయ్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. పొద్దున్నే ఆ ఒక్క మాటా మార్చి పెట్టాడు. తిరుపాలమ్మ నంబరు కొట్టి రికార్డింగు మొదలుపెట్టబోయాడు. తెర మీద ఎర్రగా ఒక వరస వచ్చింది. "ఇదేం చెప్తోందంటేనమ్మా, ఈ పేరుతో ఖైరున్‌బీ మాట ఉంది, నేను ముట్టుకోను అంటోంది. నీకు వేరే పేరుతో కొత్తది తెరుస్తుంది. అదీ ఇంతే, ఇంకెవర్నీ దానిమీదికి రానివ్వదు" అన్నాడు. రమాదేవి ఆ ఎర్ర వరస కేసి చూసింది. చదవడం రాకపోయినా తృప్తిగా చూసింది. ఆ తర్వాత, సరే పెట్టండి అంది.

ఉదయ్ మీట నొక్కాడు. కొత్త ఫైలు తెరుచుకుంది. అలవాటు ప్రకారం లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళబోయాడు.

"యాడికి పోతారు సారూ? కూర్చోండి."

"ఎవరూ ఉండకూడదనే కదమ్మా ఈ ఏర్పాటంతా. నేను విననని మాటిచ్చాను కూడా."

"నాకే కదా ఇచ్చినారు. ఆ మాట వద్దని నేనే అంటాండా. ఎవురూ వినకపోతే నేను చెప్పేదెందుకు?"

ఉదయ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పారిపోవాలనిపించింది, నిజంగా. విననని మాటివ్వడంలో తన పెద్దమనిషితనం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, భయమే ఎక్కువ ఉందని అప్పుడు అర్థమైంది. ఫైలు ఎలా తెరవాలో, ఎవరికి ఎలా మూయాలో ఆలోచించినంత సేపు, అందులో ఏముంటుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచిస్తే నిద్ర పట్టదని తెలుసు గనకనే.

వెనక్కి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తిరుపాలమ్మ రమాదేవి పక్కకి కుర్చీ జరుపుకుంది.

రమాదేవి లాప్‌టాప్ వంక చూడలేదు. ఉదయ్ మొహంలోకి చూస్తూ ఎడమచెయ్యి పైకి తీసి, జాకెట్టు చెయ్యి మోచేతి దాకా మడిచింది. ఉదయ్ చూపు తిప్పుకోబోయి ఆగాడు.

"ఇది ఇస్త్రీపెట్టెతో" అంది ఆమె. కాలిన మచ్చ మీద వేలు పెట్టి చూపించింది. "విన్నారా సారూ?"

"విన్నానమ్మా" అన్నాడు ఉదయ్‌కుమార్. "చెప్పు."