చెవి పట్టు

ఆదివారం ఉదయం ఏడు గంటల ప్రాంతంలో, మూతపడిన కలప మిల్లు షెడ్డులో, వెల్డరు తన కుక్కను పందెం బరిలోంచి ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడమంటే ఓటమి ఒప్పుకోవడం. కుక్కకి ప్రాణం ఉంది. దవడ కిందికి వేలాడుతోంది.

కుక్క పేరు మసిగాడు. కళ్ళు తెరవకముందే వర్క్‌షాపుకి వచ్చాడు. పాలపీకతో పాలు పట్టి పెంచింది వెల్డరు భార్య. బరిలోకి దింపింది వెల్డరు.

షెడ్డుకి వచ్చేవాళ్ళు కుక్క రంగూ బరువూ తరవాత అడుగుతారు. ముందు అడిగేది ఎక్కడ పట్టు పడుతుందని. మెడ కిందకి దూరేది గొంతు కుక్క. ముందుకాళ్ళు కరిచి కూలదోసేది కాళ్ళ కుక్క. చెవి పట్టుకుని, పగ్గం లాగినట్టు అవతలిదాని తల తిప్పుతూ, దాన్ని కరవనివ్వకుండా అలిసిపోయేలా చేసేది చెవి కుక్క. గొంతు కుక్కది బలం అంటారు, చెవి కుక్కది బుర్ర అంటారు. ఈ లెక్కలన్నిటికీ పెద్దదిక్కు ఒక రిటైరైన బస్సు డ్రైవరు. నోరు మూతపడదు గనక అందరూ ఆయన్ని కామెంటరీ అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనకి కోపం రాదు సరికదా, ఫోనెత్తినా అదే పేరు చెబుతాడు. వెల్డరుని అల్లుడూ అని పిలుస్తాడు. ఆయనకి ఉన్నది ఇద్దరూ కొడుకులే.

మసిగాడు మొదటినుంచీ గొంతు కుక్క. ఎండాకాలం మొదట్లో జరిగిన పందెంలో అవతలి కుక్క వాణ్ణి చెక్కగోడకేసి కొట్టింది. మసిగాడు గెలిచాడు గానీ నోట్లోంచి రక్తం వచ్చింది. వెల్డరు ఉప్పునీళ్ళతో కడిగి, వాపు తగ్గేదాకా కట్టేసి ఉంచాడు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. వెళ్తే గాయం ఎలా అయిందని అడుగుతారు.

మళ్ళీ తర్ఫీదుకి దింపిన రోజు మసిగాడు గొంతు మీదకి పోలేదు. చెవి పట్టాడు. వదిలాడు, మళ్ళీ చెవే పట్టాడు. కుక్క పిరికిదైపోయిందేమోనని వెల్డరు భయపడ్డాడు. కామెంటరీ మాత్రం కూర్చున్నచోటినుంచి లేచి వచ్చాడు. కుర్రతనంలో గొంతు కోసం ఎగబడ్డ కుక్క ఒక దెబ్బ తిన్నాక ఆలోచించడం మొదలుపెడుతుందని, అలా మారినవాటిని తను చూసింది బహు తక్కువని చెప్పాడు.

"బలం ఉన్నోడికి బుర్ర కూడా వచ్చింది అల్లుడూ. ఇక వీడికి ఎదురులేదు."

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి తిరిగింది. గేటు అతికించుకోడానికి వచ్చినవాళ్ళు కూడా చెవి కుక్క ఇదేనా అని తొంగిచూసి పోయేవాళ్ళు. వెల్డరు ముసుగు పైకెత్తి, అవును ఇదే అనేవాడు.

ఇంట్లో మాట వేరుగా ఉంది. మసిగాడు బొమిక కొరకడం లేదని ముందు చూసింది భార్య. కాళ్ళ మధ్య పెట్టుకుని నాకుతున్నాడు, అంతే. తిండి మెత్తగా పిసికి పెడితే తల ఒక పక్కకి వంచి తింటున్నాడు. నీళ్ళు తాగితే ఎడమ పక్కనుంచి కారిపోతున్నాయి. పందెపు కుక్క అన్నాక తిండి దగ్గర నిదానం వస్తుందని వెల్డరు సర్దిచెప్పాడు.

"నిదానమా నా బొందా. పన్ను నొప్పొచ్చినప్పుడు నువ్వు తిన్నట్టే తింటున్నాడు," అందామె.

"పన్ను నొప్పొచ్చినవాడు చెవి పట్టుకుని వేలాడతాడా?"

ఆమె షెడ్డుకి ఎప్పుడూ వెళ్ళలేదు. ఈసారికి పందెం మానుకోమని అడిగింది. మళ్ళీ అడిగినప్పుడు, వాడికేమైనా అయితే నీ మొహం చూడనంది. బీడీలు మానలేదనీ ఆమె అదే మాట అంది గనక వెల్డరు నవ్వేశాడు.

ఆదివారం ఎదురు నిలిచింది ఒక ఎర్ర కుక్క. కాళ్ళ కుక్క. వదలగానే మసిగాడు దాని చెవి పట్టాడు. జనం ఈలలేశారు. ఎర్రది గింజుకుంటే చెవి జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. కావాలనే వదులుతున్నాడని, గాలానికి పడ్డ చేపని ఆడించినట్టు ఆడిస్తున్నాడని కామెంటరీ చుట్టూ ఉన్నవాళ్ళకి విడమర్చి చెబుతున్నాడు. వెల్డరు బరి అంచున మోకాళ్ళ మీద ఉన్నాడు, అందరికంటే దగ్గరగా. చెవి జారినప్పుడల్లా మసిగాడి నోరు పూర్తిగా మూతపడటం లేదని చూశాడు. చొంగ ఎడమ పక్కనుంచే కారుతోందని చూశాడు. ఎత్తుకోడానికి చెయ్యి చాపాడు.

"ఎత్తకు అల్లుడూ," అన్నాడు కామెంటరీ వెనకనుంచి. "ఇంత ఆట ఆడుతుంటే నువ్వే చెడగొడతావా?"

వెల్డరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తరవాతి పట్టులో ఎర్రది తల విదిలించింది. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఎర్రది మసిగాడి ముందుకాలు పట్టి పడేసి, తరవాత గొంతు అందుకుంది. దాన్ని విడదీసి వెల్డరు మసిగాణ్ణి ఎత్తుకున్నాడు. చేతుల్లో ఉండి కూడా మసిగాడు బరి వైపే కాళ్ళు తన్నాడు.

ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కబురు తెలిసి భార్య అక్కడికే వచ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించింది. దవడ రెండుచోట్ల విరిగింది. ఒకటి ఆ ఉదయానిది. ఇంకొకటి నెలల కిందటిది, సరిగా అతుక్కోక చీము పట్టింది. ఇన్నాళ్ళూ ఇది దేన్నీ గట్టిగా కొరికి ఉండదని, పల్చగా ఉన్నవి ముందుపళ్ళతో పట్టుకుని ఉంటుందని డాక్టరమ్మ అంది.

"చెవిలాంటివాండీ?" అని వెల్డరు అడిగాడు.

"చెవిలాంటివే. అంతకు మించి పట్టే శక్తి దానికి లేదు."

మసిగాడి తల భార్య రెండు చేతుల్లో ఉంది. రక్తం చాలా పోయింది. పదకొండు దాటాక గుండె ఆగింది.

మధ్యాహ్నం షెడ్డువాళ్ళు వర్క్‌షాపుకి పలకరింపుకి వచ్చారు. వెల్డరు వెనకవైపు గొయ్యి తవ్వుతున్నాడు. తవ్వుతూనే దవడ సంగతి చెప్పాడు. ఎండాకాలంలోనే విరిగిందని, చెవి పట్టింది అందుకేనని చెప్పాడు. కామెంటరీ గడ్డం గోక్కున్నాడు.

"విరిగిన దవడతో అంత ఆట ఆడాడంటే," అన్నాడు, "అలాంటి చెవి కుక్క ఇక పుట్టదు అల్లుడూ."

మిగతావాళ్ళు అవునన్నారు. వెల్డరు గడ్డపార కింద పెట్టి, వాళ్ళని వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళిపోయారు.

భార్య లోపలినుంచి వచ్చి పార అందుకుంది. అతను తవ్వుతుంటే ఆమె మట్టి తోడింది. నాలుగు గంటలకి మసిగాణ్ణి పూడ్చారు.