దసరా నీళ్లు

నేను ఒక సెన్సార్ని. అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి మూడు పిన్నులు, లోపల తిరిగే చిన్న ఇరుసు. ఇంతే నా ఒళ్లు. మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. చూడాల్సినవాళ్లే చూడలేదు, మీరెందుకు చూస్తారు! ఆ కోపం నాకింకా చల్లారలేదు. తీయటి కబుర్లు కావాలంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్లండి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, చేతులకు తొడుగులేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అందులో ఒకమ్మాయి నా ఇరుసును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పి, మీటరు చూసి, సరేనని ముద్ర వేసింది. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మళ్లీ దొరకడానికి ఏళ్లు పట్టింది. తరవాత నన్నొక టిప్పరులో, కేబిన్ కింద, డీజిల్ పంపు పక్కన బిగించారు. ఆ బండి కొన్నాళ్లు ఓడరేవులో తిరిగి, చేతులు మారి చీమకుర్తి చేరింది. గ్రానైట్ క్వారీలో పనికిరాని రాళ్లు మోసే పని. గేర్లు వాటంతటవే మారే బండి ఆ క్వారీలో మాదొక్కటే.

నా ఉద్యోగం చాలా సులువు. డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో గేరుబాక్సును నడిపే పెట్టెకు చెబుతాను. కొంచెం తొక్కితే కొంచెం, సగం తొక్కితే సగం. నా మాట నమ్మి అది గేరు మారుస్తుంది. నేను తప్పు చెబితే అదీ తప్పే చేస్తుంది. ఈ చిన్న ముక్క బుర్రకెక్కడానికి ఆ పెద్దమనుషులకు నలభై రోజులు పట్టింది!

మా డ్రైవరు చెంచయ్య. ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి. ఆయన కాలు పెడల్ మీద పడితే నాకు తెలిసేది, పాలగిన్నె కింద మంట తగ్గించినంత మెత్తగా తొక్కేవాడు. ఓనరు మాలకొండయ్య. చెడ్డవాడు కాదు. కానీ తనకు తెలియని విషయం లోకంలో ఒకటుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోడు.

దసరా వచ్చింది. చెంచయ్య బంతిపూల దండలు కొనడానికి సంతకు వెళ్లాడు. మాలకొండయ్య బండిని సర్వీసింగ్ షెడ్డుకు తీసుకెళ్లి, కేబిన్ పైకెత్తించి, పంచె ఎగ్గట్టి, నీళ్లు జోరుగా కొట్టే పైపు తనే అందుకున్నాడు. అమ్మవారికి స్నానం నా చేత్తోనే చేయిస్తానన్నాడు. చేయించాడు! నేరుగా నా మూడు పిన్నుల మీదికే కొట్టాడు. అమ్మవారి మొహాన ఎవరైనా పైపు పెట్టి కొడతారా? తరవాత పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి, అన్నీ అయ్యాయి. నా కనెక్టరులో నిలిచిన నీళ్లను మాత్రం ఎవరూ తుడవలేదు.

మూడోరోజు పొద్దున నా పిన్నులు పచ్చగా చిలుమెక్కాయి. సగం తొక్కితే నా నోట ఒకసారి సగమనీ, ఒకసారి ఏమీ లేదనీ వచ్చేది. నాకు తెలుస్తూనే ఉంది, కానీ ఆపుకోలేకపోయాను. గేరుబాక్సు బిత్తరపోయి పైకీ కిందికీ గేర్లు మార్చింది. బండి గుర్రంలా తన్నింది.

"ఓనరు గారూ, బండి పొద్దున పూట తన్నుద్ది. మజ్జాన్నం ఎండెక్కినాక ఊరుకుంటది," అని చెంచయ్య చెప్పాడు. ఎంత మంచి మాట! జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఎవరు విన్నారు? మెకానిక్ సువర్ణరాజు వచ్చి, బండి నడిపైనా చూడకుండా, "గేరుబాక్సు పోయింది," అని తేల్చేశాడు. పాపం, ఏ పాపమూ ఎరగని ఆ గేరుబాక్సును దించి, పదకొండు రోజులు పేగులన్నీ బయటపెట్టి, ప్లేట్లు మార్చి మళ్లీ ఎక్కించారు. నేను దానికి మూరెడు దూరంలోనే ఉన్నాను. నా కనెక్టరు ఊడదీసి చూడటానికి రెండు వేళ్లు చాలు.

మర్నాడు పొద్దున మంచులో, నిండు లోడుతో క్వారీ ఎత్తు ఎక్కుతున్నాం. సగం ఎత్తులో నా మాట మళ్లీ తెగింది. గేరు తప్పింది, బండి వెనక్కి జారింది. చెంచయ్య బ్రేకు మీద నిలబడినంత పనిచేసి, బండిని గట్టుకు ఆనించి ఆపాడు. కింద రాళ్లు కొట్టే ఎనిమిదిమంది ప్రాణాలతో మిగిలారంటే ఆయన వల్లే.

మాలకొండయ్య పరుగున వచ్చి, ఆ ఎనిమిదిమంది ముందే తాళం లాక్కున్నాడు. "కొత్త ప్లేట్లేయించినా ఇంతేనంటే నీ కాల్లోనే ఉందిరా దరిద్రం! గేరుబాక్సు మింగినోడా!" అన్నాడు.

ఆ మాట చుట్టుపక్కల క్వారీలన్నీ తిరిగింది. గేరుబాక్సు మింగినవాడికి బండెవరిస్తారు? ఇరవై రోజులు ఒక్కరూ చెంచయ్య చేతికి తాళం ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ల పేరు ఒక్క కేకతో పోయింది. నా వల్ల! కాదు, ఆ పైపు వల్ల.

కొత్త డ్రైవరు వచ్చాడు. ఆరోరోజు పొద్దున బండిని గట్టు పక్కన ఆపి, ఇది నా వల్ల కాదని దిగిపోయాడు. మళ్లీ సువర్ణరాజు, మళ్లీ గేరుబాక్సు దించుదామనే మాట! సంగతి తెలిసి చెంచయ్య తన మోటారుసైకిల్ మీద దిల్షాద్‌ను ఎక్కించుకొచ్చాడు. బండ్ల వైరింగ్ పని చేస్తుంది, ఒంగోలులో ఆమెకు చిన్న కొట్టుంది. మళ్లీ గేరుబాక్సు ఖర్చంటే భయపడి మాలకొండయ్య అడ్డం రాలేదు.

ఆమె పనిముట్లు తీయకముందే, "ఎప్పుడు తన్నుద్ది చెంచయ్యన్నా?" అని అడిగింది. అడిగింది! ఆయన చెప్పాడు.

"చెమ్మకి తన్ని, ఎండకి ఊరుకుంటే అది ఇనప జబ్బు కాదన్నా, కరెంటు జబ్బు."

కేబిన్ ఎత్తి, నా తీగకు ముల్లు మీటరు తగిలించి, పెడల్ మెల్లగా తొక్కమంది. చెంచయ్య తన పాత పద్ధతిలో తొక్కాడు. ముల్లు నెమ్మదిగా లేచి, సగం దగ్గర ఢమాల్న పడిపోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ పడింది. ఆమె నా కనెక్టరు ఊడదీసింది. పచ్చటి చిలుము ఆమె వేలికంటింది.

"దీనికి నీళ్లెక్కడియి?"

మాలకొండయ్యే, "దసరాకి నేనే కడిగా," అన్నాడు.

దిల్షాద్ పిన్నులు శుభ్రం చేసి, లోపల కూడా పాడయ్యానని నన్ను విప్పేసి, నా చోట కొత్తదాన్ని బిగించింది. బండి నిండు లోడుతో ఎత్తెక్కి వచ్చింది, ఒక్క కుదుపు లేదు. మాలకొండయ్య నన్ను తుక్కు డ్రమ్ములోకి విసిరికొట్టి, తాళం ఇవ్వబోయాడు. "ఎక్కరా చెంచయ్యా. తప్పంతా ఆ ముక్కదే."

నాదట! నా ఒళ్లు మండిపోయింది.

చెంచయ్య చెయ్యి చాచలేదు. "దానిదెట్టా అవుద్ది ఓనరు గారూ? నీళ్లు అదే పోసుకుందా? ఆ రోజు నన్ను నలుగుర్లో అన్నారు. ఇయ్యాలా నలుగురున్నారు."

మాలకొండయ్య నేల చూశాడు. "సరేలేరా, నాదే," అని గొణిగాడు.

"వినపళ్లా."

"తప్పు నాదేరా! నేనే కడిగా! నీ కాల్లో ఏం లేదు!"

రాళ్లు కొట్టే సుత్తులు ఆగిపోయాయి. ఎనిమిది తలలూ ఇటు తిరిగాయి. అప్పుడు చెంచయ్య తాళం అందుకున్నాడు. ఆ తరవాత డ్రమ్ములో చెయ్యిపెట్టి నన్ను తీసి, చొక్కాకు తుడిచి, కేబిన్ అద్దానికి దారంతో వేలాడదీశాడు.

మళ్లీ దసరా వచ్చింది. ముందరి అద్దంలోంచి చూస్తున్నాను. మాలకొండయ్య పంచె ఎగ్గట్టి, పైపు పట్టుకుని బండి దగ్గరికొచ్చాడు. తల ఎత్తి నన్ను చూశాడు. పైపు కింద పెట్టాడు.

"చెంచయ్యా, తుడవటానికి తడిగుడ్డ తీసుకురారా," అని గొణిగాడు.

చెంచయ్య బంతిపూలు గుచ్చుతూ తల కూడా ఎత్తలేదు.

"వినపళ్లా ఓనరు గారూ."